గేటు దగ్గర కూర్చున్న ఇనపవాడు

మా పక్కింటి మేస్త్రి పోయాడు. కాఫీ పళ్ళు ఎర్రబడి, కొండ మీది ప్రతి గూడెంలోనూ తొక్క ఒలిచే పల్పర్ మిషన్లు బయటికి తీసే రోజుల్లో పోయాడు. ఆ మిషన్లు బాగుచేసే పని ఉన్న కాలంలో సెలవు పెట్టడం ఆయనకి జీవితంలో అదే మొదటిసారి.

కబురు నాకు చెప్పింది వాళ్ళావిడే. పొగమంచు ఇంకా పెరట్లోనే ఉంది. నేను పొయ్యి మీద పాలు పెట్టి, పొంగకుండా కాపలా కాస్తున్నాను. గుమ్మం దగ్గర అలికిడైతే తిరిగి చూశాను. ఆయన పానా చేత్తో పట్టుకుని నిలబడి ఉంది.

"టీచరమ్మా, మీ మేస్త్రి ఇంక లెగడు," అంది.

ఆవిడ ఆయన్ని ఎప్పుడూ "మీ మేస్త్రి" అనే అంటుంది. మొగుడి పేరు నోటితో పలకడం వాళ్ళింట్లో లేదు, మా ఇంట్లోనూ లేదు. ఆ ఒక్క విషయంలో కొండకీ మైదానానికీ పెద్ద తేడా కనబడలేదు నాకు. మా ఆయన బతికున్నన్నాళ్ళూ నేనూ "ఏవండీ"తోనే నెట్టుకొచ్చాను.

పాలు పొంగిపోయాయి. ఇద్దరం చూస్తూ ఊరుకున్నాం. తర్వాత ఆవిడ పీట మీద కూర్చుని, నేనిచ్చిన టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, కిటికీలోంచి తమ గేటు వైపు చూసింది. "ఆడికి పేరెట్టకుండానే ఎలిపోయాడు," అంది. ఏడుపు అప్పుడొచ్చింది ఆవిడకి.

ఆ "ఆడు" ఎవడో చెప్తే తప్ప మా మేస్త్రి ఎవరో మీకు తెలియదు.

వాళ్ళ వెదురు గేటుకి సరిగ్గా నడిమధ్యన ఒక ఇనపవాడు కూర్చుని ఉంటాడు. పాడైపోయిన పల్పర్ డ్రమ్ము వాడి పొట్ట. పంపు మోటారు మూత వాడి తల. కాళ్ళూ చేతులూ రకరకాల సైకిళ్ళవి. మోకాళ్ళు ముడుచుకుని, ఒక పాదం ఇంటి వైపూ ఒక పాదం రోడ్డు వైపూ పెట్టి, ఎవరైనా పిలుస్తారేమోనని చెవి ఒగ్గినట్టు తల కొంచెం వంచి కూర్చుంటాడు. వాడున్నంతకాలం గేటు పడదు. గేటు పడదు కాబట్టి ఊళ్ళో మేకలన్నీ లోపలికొచ్చి వాళ్ళావిడ చిక్కుడుపాదు తినిపోతాయి. "ఆడిని లోపలికో బయటికో ఈడ్సు" అని ఆవిడ రోజూ అనేది. "పేరు లేనోడిని ఎటని ఈడుస్తాను" అని ఆయన రోజూ అనేవాడు. గోడకి ఇవతల కూర్చుని నేను రోజూ వినేదాన్ని. అరకు చూడ్డానికి వచ్చే టూరిస్టులు వాడి భుజం మీద చెయ్యేసి ఫోటోలు దిగుతారు. ఒకాయన కారాపి, బొమ్మ అమ్ముతావా అని అడిగాడు. ఇంకా తయారవ్వలేదని చెప్పి పంపించేశాడు మేస్త్రి.

నిజంగానే తయారవ్వలేదు. వాడు ఒక పెద్ద కర్మాగారంలో ఆఖరివాడు. ఆ కర్మాగారం చరిత్ర మొత్తం మేస్త్రి నోట్లో ఉండేది.

*

నేను మైదానం మనిషిని. విజయనగరం వైపు నుంచి ఉద్యోగం మీద వచ్చి, కొండమీది ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో పంతులమ్మగా చేరి, ప్రధానోపాధ్యాయురాలిగా దిగాను. ఒక వేసవిలో హాస్టల్ పంపు మోటారు పాడైతే, గూడెం నుంచి ఒక మనిషిని తీసుకొచ్చారు. సన్నగా, మెడలో తాడుకి ఒక ఇనప వాషరు వేలాడదీసుకుని వచ్చాడు. మోటారుకి చెవి ఆనించి, కళ్ళు మూసుకుని చాలాసేపు విన్నాడు. నిద్రపోయాడేమో అనుకుని నేను దగ్గాను.

"ఉండు టీచరమ్మా. సెప్తంది," అన్నాడు.

ఆయన భాషలో "మీరు" లేదు. కలెక్టరుకైనా "నువ్వే". మొదట్లో నాకు ఒళ్ళు మండేది. తర్వాత, నన్ను ఈ లోకంలో నువ్వు అని పిలిచే మనిషి ఆయనొక్కడే మిగిలాడని తెలిసొచ్చింది.

ఆ రోజు చిన్నపిల్లలు మోటారు హోరుకి భయపడి దూరంగా నించున్నారు. మేస్త్రి బోల్టు బిగిస్తూనే, ఇది ఎక్కడ పుట్టిందో తెలుసా అని అడిగాడు వాళ్ళని. ఏ కొట్లోనో అన్నారు. కాదన్నాడు. దీని తాతలు ఇనప మనుషులనీ, వాళ్ళని చేసే కర్మాగారం ఒకటుందనీ, ఇది అక్కడినుంచి తప్పిపోయి వచ్చి మన నూతిలో నీళ్ళు తోడుకుంటూ బతుకుతోందనీ మొదలుపెట్టాడు. సరిగ్గా పట్టుమీదికి వచ్చాక, మోటారు బాగైపోయిందని సామాను సర్దుకుని వెళ్ళిపోయాడు.

వారం తిరక్కుండా మోటారు మళ్ళీ ఆగింది. నీళ్ళు లాగే గొట్టంలో రిబ్బను దొరికింది. ఇంకో వారానికి ఇంకో రిబ్బను. పంపులు రిబ్బన్లు కట్టుకోవని నాకు తెలుసు. మేస్త్రిని నిలదీస్తే, తనకీ తెలుసన్నాడు. ఎర్రదైతే ఎనిమిదో తరగతి, నీలందైతే ఏడో తరగతి అని కూడా చెప్పాడు. పిల్లల్ని కొట్టొద్దనీ, వాళ్ళు కథ అడగడానికి అర్జీ పెట్టుకున్నారనీ వాదించాడు. ఇన్నేళ్ళ సర్వీసులో నేను చూసిన అర్జీల్లో నీళ్ళలో తడిసినవి అవే. చివరికి ఒప్పందం కుదిరింది. శనివారం మధ్యాహ్నం ఆయన వచ్చి కథ చెప్తాడు, ఏదీ పాడవక్కర్లేదు. అలా రిబ్బన్లు జడల్లోకి తిరిగి వెళ్ళాయి, ఆ కర్మాగారం మా బళ్ళోకి వచ్చింది.

ఆ లోకానికి రెండు చందమామలు. ఒకటి దిగుతూ ఉంటే ఇంకొకటి ఎక్కుతుంది కాబట్టి అక్కడివాళ్ళకి చీకటి అనే మాటే తెలియదు. కర్మాగారం మేఘాలకి పైన ఒక కొండ అంచున ఉంటుంది. మన ఫ్యాక్టరీల గొట్టాల్లోంచి పొగ బయటికి వస్తుంది. దాని గొట్టంలోకి పొద్దున్నే పొగమంచు లోపలికి వెళ్తుంది. మంచే దాని బొగ్గు. మరి ఇనుము ఎక్కడిదని ఒక పిల్ల అడిగింది. ఆ మాటకోసమే ఎదురుచూస్తున్నట్టు, కింద లోయలో ఎర్రమట్టి నింపుకుని పోతున్న గూడ్సు బండిని చూపించాడు. అది ఇనప ఖనిజమనీ, ఓడెక్కి వెళ్తుందనీ నేను చెప్పబోయాను. "ఓడ ఎవులు సూసినారు టీచరమ్మా?" అన్నాడు. పిల్లలందరూ నావైపు తిరిగారు. నేను విశాఖపట్నంలో ఓడలు చాలానే చూశాను. ఆ మధ్యాహ్నం మాత్రం ఒక్కటీ గుర్తురాలేదు.

ఆ కర్మాగారాన్ని కట్టింది కుండలు చేసే ఆడవాళ్ళట. వాళ్ళకి ఇనుము సంగతి తెలియక మట్టిలాగే తొక్కి, పిసికి, సారె మీద పెట్టి తిప్పారు. అందుకే మొదటి ఇనప మనిషికి నించోడం రాలేదు. వందేళ్ళు కూర్చుని కూనిరాగం తీశాడు. ఆ రాగం విని రెండోవాడు నించున్నాడు. తర్వాత్తర్వాత వేలకొద్దీ వచ్చారు. వాళ్ళ పని మేఘాలు మొయ్యడం. ఆ లోకంలో మేఘాలు వాటంతటవి కదలవు. ఎవరో ఒకరు నెత్తిన పెట్టుకుని, వాన కావలసిన ఊరికి నడిచి వెళ్ళి దింపాలి. ఇనప మనుషులు బారులు తీరి, తలమీద తెల్లటి మూటలతో కొండలు దిగుతూ ఉంటే, కింద గూడేల్లో పిల్లలు మాకు మాకు అని చేతులు చాపేవాళ్ళట. ఇది వింటున్నప్పుడు మా హాస్టల్ వరండాలోకి మంచు మెల్లగా దిగి, ముందు వరస పిల్లల పాదాలు కనపడకుండా పోయేవి. వాళ్ళు కదిలేవారు కాదు. నేనూ హాజరు పట్టీ ఒళ్ళో పెట్టుకుని కదిలేదాన్ని కాదు.

తయారైన వెంటనే ఎవరినీ పనికి పంపేవారు కాదు. ఇక్కడ కొత్త పండగ చెయ్యకుండా కొత్త మామిడికాయ ఎవరూ నోట పెట్టరు కదా, అక్కడా అంతే. పండగ వచ్చేదాకా కొత్త ఇనప మనుషులు కొండవాలున వరసగా కూర్చుని రెండు చందమామల్నీ చూస్తూ ఉండాలి. "ఏటీ సెయ్యకుండా కూకోడం ముందు నేర్సుకోవాల. అది రానోడికి పని రాదు," అనేవాడు మేస్త్రి. ఇన్‌స్పెక్షనుకి వచ్చిన ఒక అధికారికి నేను ఈ మాట ఒప్పజెప్పాను. ఆయనకి నచ్చలేదు.

ఇక పేర్లు. మేస్త్రి వాళ్ళు కోదు తెగవాళ్ళు. వాళ్ళలో బిడ్డకి పేరు ఎవరూ వెతికి పెట్టరు. గిన్నెలో నీళ్ళు పోసి, పోయిన పెద్దల పేర్లు ఒక్కొక్కటే చెప్తూ ఒక్కొక్క బియ్యపు గింజ వదులుతారు. గింజ మునిగితే ఆ పెద్ద రాలేదు. నీళ్ళమీద ఆగితే వచ్చినట్టు. ఆ పేరే బిడ్డది. పోయినవాళ్ళ పేరే తిరిగొస్తుంది గాని, బతికున్నవాళ్ళ పేరు ఇంకొకరికి రాదు. కర్మాగారంలోనూ అదే పద్ధతి. నూనె గిన్నెలో గింజ వేసి, అరిగిపోయిన పాత ఇనప మనుషుల పేర్లు పిలిచేవారు. పేరొచ్చి కూర్చున్నాకే ఇనప మనిషి గేటు దాటాలి.

మేస్త్రి లెక్కలో మూడో కాలంలో, పల్లపు నక్షత్రం నుంచి కర్మాగారానికి ఒక గుమస్తా వచ్చింది. ఆడమనిషి. పెద్ద రిజిస్టరు పట్టుకొచ్చింది. ఆ రిజిస్టరు గడిలో వీళ్ళ పేర్లు పట్టలేదు. నోరు తిరగడం లేదని గుమస్తా అందరి పేర్లూ కొట్టేసి, తనకి ముచ్చటైన పేర్లు ఎర్రసిరాతో రాసింది. గుమస్తా వచ్చిన ప్రతిసారీ పిల్లలు నన్ను చూసి కిసుక్కుమనేవాళ్ళు. అంత మంచి హాస్యానికి నేనూ నవ్వేదాన్ని.

అప్పటినుంచి ఇనప మనుషులకి తేడా చేసింది. రిజిస్టరులో పేరు పెట్టి పిలిస్తే తల తిరిగేది గాని పాదాలు తిరిగేవి కావు. మేఘాన్ని ఒక ఊరికని తీసుకెళ్ళి, ఇంకో ఊళ్ళో దింపి, అక్కడే నించుండిపోయేవారు. ఒక పొద్దున ఎవరూ లేవలేదు. కోపం కాదట. ఎవరైనా తమని పిలుస్తారని చూస్తున్నారట. కర్మాగారం ఆగిపోయింది. అప్పటికి గేటు సగం దాటిన ఆఖరివాడు ఒకడున్నాడు. వాడికి పాత పేరూ రాలేదు, కొత్త పేరూ రాయలేదు. ఒక పాదం లోపల, ఒక పాదం బయట పెట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. వాడికి పేరొస్తేనే గేటు పడుతుంది. గేటు పడితేనే కొండవాలున కూర్చున్న వాళ్ళందరూ లేచి మేఘాలెత్తుకుంటారు.

కథ అక్కడ ఆగింది. ఏళ్ళ తరబడి అక్కడే ఆగింది. మేస్త్రి వాడిని పల్పర్ ముక్కలతో చేసి తన గేట్లో కూర్చోబెట్టాడు గాని, పేరు మాత్రం పెట్టలేదు.

ఆలస్యం నాకు సహించదు. ఒక ఏడు బడి వార్షికోత్సవానికి ఆ కథని నాటకంగా రాసి, ఆఖరివాడికి లోహకుమారుడు అని నామకరణం చేసి, పిల్లల చేత వేయించాను. వెండిరంగు కాగితాలు చుట్టుకుని లోహకుమారుడు స్టేజి ఎక్కాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మూడో వరసలో కూర్చున్న మేస్త్రి మెల్లగా లేచి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత చాలా శనివారాలు రాలేదు. కాఫీ సీజను అనుకున్నాను. ఎండలు ముదిరాక వచ్చి, ఏమీ జరగనట్టే కూర్చుని, గుమస్తా ఆఖరివాడికి కూడా ఒక పేరు రాసిందనీ, అది వానకి కారిపోయిందనీ పిల్లలకి చెప్పాడు. నా నాటకాన్ని అంత మర్యాదగా చింపిన విమర్శకుడిని నేనింకొకరిని చూడలేదు.

*

రిటైరయ్యాక నేను మైదానానికి తిరిగి వెళ్ళలేదు. మేస్త్రి ఇంటి పక్కనే రెండు గదుల ఇల్లు చూసుకున్నాను. ఆయనకి దగ్గు పట్టుకుని, గూడేలు తిరగడం తగ్గిపోయిన ఈ ఆఖరి ఏడు, మధ్యాహ్నాలు మా అరుగు మీద కూర్చునేవాళ్ళం. ఆయన చెప్తుంటే కర్మాగారం చరిత్ర మొదటినుంచీ నేను సాపు రాసేదాన్ని. చదువుకున్న చెయ్యి కదా అని వాళ్ళావిడే ఈ పని అప్పజెప్పింది. ఆయన చెప్పే వేగానికీ నా అక్షరాల గుండ్రదనానికీ బాగా కుదిరింది. మధ్యలో ఎవరో ఒకరు పల్పర్ పట్టుకొచ్చేవారు. ఆయన దాని డ్రమ్ముకి చెవి ఆనించి వినేవాడు. "మిషను మొరాయించదు టీచరమ్మా. ఏటో అడుగుతాది. మనకి ఇనపడదు," అనేవాడు.

ఒక మధ్యాహ్నం మూడో కాలానికి వచ్చాం. గుమస్తా ఎలా ఉండేదో రాసుకొమ్మన్నాడు. కళ్ళజోడుకి దారం కట్టుకునేది, రాశాను. వేళ్ళకి ఎర్రసిరా మరకలు, రాశాను. ఎప్పుడూ బుగ్గన లవంగం పెట్టుకునేది.

కలం ఆగింది. నా బుగ్గన లవంగం ఉంది.

"ఆ గుమస్తా నేనా?" అన్నాను.

మేస్త్రి నావైపు చూడకుండా చేతిలో ఉన్న నట్టుకి తుప్పు గీకుతున్నాడు. "ఇన్నాళ్ళకా? ఎనిమిదో తరగతి గుంటలు ఆవేళే కనిపెట్టేసినారు," అన్నాడు.

తర్వాత నెమ్మదిగా చెప్పాడు. పంపు మోటారుకి చాలా ముందే ఆయన మా బడికి ఒకసారి వచ్చాడు. కూతుర్ని చేర్చడానికి. ఆ పిల్లకి గింజ ఆగిన పేరు ఆయన తల్లిది. ఆ పేరు చెప్తే, ఇదేం పేరు, నోరు తిరగదు అని నేనన్నానట. రిజిస్టరులో సుహాసిని అని రాశానట. అంటే చక్కగా నవ్వేది. ఆ నిమిషాన ఆ పిల్ల గుక్కపెట్టి ఏడుస్తోందట.

నాకు ఆ రోజు గుర్తు లేదు. అదే ఇప్పటికీ నన్ను కలుక్కుమనిపించేది. అలాంటి పేర్లు నేనెన్ని రాశానో. వాటిని ఎంచుకోడానికి రాత్రి నవలలు తిరగేసేదాన్ని కూడా. ఆ రోజుల్లో మేమందరం అదొక పుణ్యకార్యంలా చేసేవాళ్ళం. సుహాసిని ఇప్పుడు అనంతగిరిలో నర్సు. సూది గుచ్చేముందు కూడా నవ్వదు.

ఎందుకు చెప్పలేదని అడిగాను.

"సెప్తే నువ్వు రావడం మానేత్తావు. గుమస్తా నేకపోతే ఇయన్నీ ఎవులు రాత్తారు?" అన్నాడు. నట్టు మీది తుప్పు ఊదేసి, "కోపం ఉండేది. ఆ కోపానికే కదా అంత పెద్ద కర్మాగారం కట్టినాను. కట్టినాక సూత్తే, కోపం ఎక్కడెట్టినానో కనబడలేదు," అన్నాడు.

ఆయన తల్లి పేరు కుదురు లేకుండా తిరుగుతోందని ఇన్నాళ్ళూ ఆయన దిగులు. ఇంట్లో ఆ పేరు పిలిచేవారు, బయట లోకమంతా సుహాసిని. ఆధార్ కార్డు నుంచి పెళ్ళి శుభలేఖ దాకా నా ఎర్రసిరాయే గెలిచింది. ఆ పిల్ల రెండు పేర్ల మధ్య ఒక పాదం ఇటూ ఒక పాదం అటూ వేసుకుని పెరిగింది.

నేను చేసిన పనికి క్షమించమనడం నాకు చేతకాలేదు. ఎవరినీ ఎప్పుడూ అడిగి ఉండలేదు, అలవాటు లేదు. లోపలికి వెళ్ళి టీ పెట్టుకొచ్చాను. ఆయన తాగాడు. పంచదార ఎక్కువైందన్నాడు.

ఆ తర్వాత ఒక్కటే కోరుకున్నాను. ఆఖరివాడికి పేరు రావాలి, అది ఆయన బతికుండగా రావాలి. పోరు పెట్టాను. పుస్తకం ముగించడానికి కాదని ఆయనకీ తెలుసు. ఒకరోజు ఆయాసంతో గోడకి జారగిలబడి నవ్వాడు.

"ఆడి పేరు నాకు తెలుసు టీచరమ్మా."

"అయితే చెప్పు, రాసేస్తాను."

"ఇప్పుడు సెప్పకూడదు. ఆ పేరు వాడుకలో ఉన్నాది."

వేళాకోళం అనుకున్నాను. నోట్సు చివర ఖాళీ గీత గీసి, పుస్తకం మూసేశాను. మరో పదిహేను రోజులకి పాలు పొంగిన ఆ పొద్దున వచ్చింది.

*

చూడ్డానికి చాలామంది వచ్చారు. ముంచింగిపుట్టు వైపు నుంచి కూడా జీపులో వచ్చారు. అందులో ఇద్దరు అలవాటు చొప్పున పల్పర్ పళ్ళచక్రాలు సంచిలో వేసుకుని వచ్చి, ఎక్కడ పెట్టాలో తెలియక ఇనపవాడి ఒళ్ళో పెట్టి ఏడ్చారు.

తంతులన్నీ అయ్యాక, కూతురు గిన్నెతో నీళ్ళు తెచ్చి గేటు దగ్గర పెట్టింది. గూడెం పెద్దాయన్ని గింజలు వెయ్యమని అడిగింది. ఆయన ఇనపవాడిని ఎగాదిగా చూసి, ఇది ఊపిరున్న బిడ్డలకి చేసే పని, సైకిలు ముక్కలకి చెయ్యనని చెప్పేశాడు. అలాగైతే తనే వేస్తానంది ఆ పిల్ల. పెద్దాయన కోపంగా వెళ్ళి, పది అడుగుల దూరంలో నించున్నాడు.

బియ్యం నన్ను తెమ్మన్నారు. పొల్లు గింజ నీళ్ళమీద తేలుతుందని ఆరో తరగతిలో ఎన్నో ఏళ్ళు పాఠం చెప్పినదాన్ని. ఆ ముందురోజు మధ్యాహ్నమంతా కూర్చుని, కళ్ళజోడు తుడుచుకుంటూ, పొల్లన్నది లేకుండా ఒక్కొక్క గింజా ఏరాను. మేస్త్రి విషయంలో ఈసారి నా వల్ల తప్పు జరగకూడదు.

ఆ పిల్ల పేర్లు మొదలుపెట్టింది. ముత్తాతలు, వాళ్ళ అన్నదమ్ములు, పులి తిన్న మేనత్త. ఒక్కొక్క పేరు, ఒక్కొక్క గింజ. అన్నీ తిన్నగా అడుక్కి దిగిపోతున్నాయి. వరసలో ఒకచోట తప్పింది. పది అడుగుల అవతల నుంచి పెద్దాయన దిద్దాడు. ఇంకొకచోట దిద్దేటప్పటికి అయిదడుగుల్లోకి వచ్చేశాడు. తర్వాత వాళ్ళ నాయనమ్మ పేరు రావాలి. ఆ పిల్ల దాన్ని దాటేసింది. నేను ఉండబట్టలేక, ఒకటి వదిలేశావు అన్నాను.

గిన్నె మీంచి తలెత్తి నన్ను చూసింది. "ఆ పేరు ఖాళీ నేదు టీచరమ్మా. నేనున్నాను గదా," అంది. నేను పెట్టిన పేరుకి తగ్గట్టు ఆ పిల్ల నవ్వడం నేను చూసింది అదొక్కసారే.

మిగిలింది ఒక్క పేరు. వాళ్ళ నాన్నది. ఆ పేరు చెప్పి గింజ వదిలింది.

అది మునగలేదు. నీళ్ళమీద చిన్న పడవలా ఒకసారి తిరిగి, ఆగింది. పొల్లు గింజ కాదని నేను ప్రమాణం చెయ్యగలను. చేసినా మీరు నమ్మనక్కర్లేదు, నేనైతే నమ్మేదాన్ని కాదు. పెద్దాయన దగ్గరికొచ్చి, గిన్నెలోకి వంగి చూసి, అవునన్నాడు. అప్పుడర్థమైంది నాకు, వాడుకలో ఉన్నాది అని ఆయన ఎందుకన్నాడో. వాడి కోసం దాచిపెట్టిన పేరు ఆయనదే. ఖాళీ చేసి ఇచ్చే రోజు కోసం చూశాడు.

నలుగురు పట్టి ఇనపవాడిని లేపారు. రెండు పాదాలూ రోడ్డువైపు తిప్పి, గేటు బయట సిల్వర్ ఓక్ చెట్టు కింద, లోయలో రైలు కనబడేలా కూర్చోబెట్టారు. వెదురు గేటు కిర్రుమని పడింది. ఆ చప్పుడు నేను మొదటిసారి విన్నాను.

నోట్సు చివర నేను గీసిన ఖాళీ గీత మీద ఆ పేరు రాశాను. ఎలా పలుకుతారో ఆ పిల్లని నాలుగుసార్లు అడిగి, ఉన్నది ఉన్నట్టు రాశాను. ఇక్కడ మాత్రం రాయను. ఈ వ్యాసం అంతా మేస్త్రి అనే రాసుకొచ్చాను, మీరు గమనించే ఉంటారు. ఆ పేరు ఇప్పుడు ఆయనది కాదు. మళ్ళీ వాడుకలోకి వెళ్ళిపోయింది.

నిన్న పొద్దున లేచేసరికి కొండ లేదు, రోడ్డు లేదు, చెట్టూ లేదు. అంతా మంచు. కింద ఎక్కడో ఎర్రమట్టి బండి పోతున్న చప్పుడు. మేకల మెడ గంటలు దగ్గరవుతున్నాయి. పక్కింటి తలుపు తెరుచుకుంది. వాళ్ళావిడ గేటు దాకా వచ్చి, గడియ మీద చెయ్యేసి నించుంది. బతుకంతా నోట్లోంచి బయటికి రానివ్వని ఆ పేరుని, కొత్త పండగనాడు మొదటి ముక్క కొరికినట్టు, కొంచెం కొంచెంగా పలికింది. తర్వాత గొంతు పెంచి పిలిచింది.

"మేకలొత్తన్నాయి. బేగి సూడు," అంది మంచులోకి.

గంటలు ఆగిపోయాయి. ఆవిడ గేటు పట్టుకుని వింటోంది. నేను పాలు దించి, పొయ్యి ఆర్పి, విన్నాను.